కట్నం ఇచ్చాక కూతురికి ఇంకా వాటా ఉంటుందా? సంతకం పెట్టాలా, వద్దా?

తెనాలి అమ్మాయి:

అందరికీ నమస్కారం. ఇంట్లో ఎవరితోనూ చెప్పుకోలేక ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్న పోయి పదకొండు నెలలైంది. వీలునామా రాయలేదు. నాలుగున్నర ఎకరాల మాగాణి, ఊళ్లో నాన్న కట్టిన డాబా ఇల్లు ఉన్నాయి. ఉన్నది అమ్మ, అన్నయ్య, నేను. పోయిన వారం అన్నయ్య ఫోన్ చేసి, "సంవత్సరీకానికి వస్తావు కదా, ఒక పూట సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వచ్చి సంతకం పెట్టి వెళ్లు, కాగితాలు రాయించేశాను" అన్నాడు. వాట్సాప్‌లో పంపమన్నాను. చూస్తే హక్కు విడుదల దస్తావేజు. వదులుకునేవాళ్ల జాబితాలో నా పేరూ, అమ్మ పేరూ. తీసుకునేది అన్నయ్య. "మా ఇష్టపూర్వకంగా, ఎవరి ఒత్తిడీ లేకుండా" అని నా తరఫున ముందే రాసేశారు.

అన్నయ్య చెప్పేది ఒకటే మాట. 2011లో నా పెళ్లికి ఎనిమిది లక్షల కట్నం, పాతిక సవర్ల బంగారం, పైన లాంఛనాలు. దానికోసం ఎకరం అమ్మారు. "నీ వాటా ఆ రోజే నీతో వచ్చేసింది" అంటాడు.

ఆ ఎనిమిది లక్షల్లో ఒక్క రూపాయి నేను చూడలేదు. ఆ డబ్బుతో ఆరు నెలల్లో మా ఆడపడుచు పెళ్లి జరిగింది. బంగారంలో సగం ఫ్లాట్ అడ్వాన్సుకు పోయింది. ఫ్లాట్ మా ఆయన పేరు మీద ఉంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఇంటర్ తర్వాత నాకు విశాఖలో బీఫార్మసీ సీటు వచ్చింది. నాన్న వద్దన్నారు. "ఎక్కువ చదివిస్తే అంతకు మించి చదివినవాణ్ని తేవాలి, అంతకు మించి కట్నం పోయాలి" అన్నారు. తెనాలిలోనే బీఎస్సీ చేశాను. అన్నయ్యను విజయవాడలో హాస్టల్లో పెట్టి, తర్వాత డొనేషన్ కట్టి ఇంజనీరింగ్‌లో చేర్చారు. ఆ ఖర్చును ఎవరూ వాటా అనలేదు. నాన్న చెడ్డవారు కాదు. నాకు టైఫాయిడ్ వస్తే పదిహేను రోజులు నా మంచం పక్కనే పడుకున్నారు. అయినా పాలు కాచిన గిన్నెలో మీగడ అన్నయ్యకి, అడుగున గోకు నాకు. నాకు గోకంటే ఇష్టమని ఇంట్లో అందరూ అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

అన్నయ్య వైపు న్యాయం కూడా దాచను. ఉద్యోగం నిలవక ఊరికి వచ్చేశాడు. నాన్నకు పక్షవాతం వచ్చి మంచంలో ఉన్న నాలుగేళ్లూ ఇంట్లో ఉన్నది అన్నయ్య, వదిన. నేను హైదరాబాద్ నుంచి నెలకోసారి వచ్చి వెళ్లాను, అంతే.

సంతకం పెట్టాలా, వద్దా? నిద్ర పట్టడం లేదు.

కృష్ణా డెల్టా రైతు:

చెల్లెమ్మా, నేను మీ అన్నయ్య స్థానంలో ఉన్నవాణ్ని, అందుకే మొహమాటం లేకుండా చెబుతాను. సంతకం పెట్టండి.

నాకు ఇద్దరు అక్కలు. ఇద్దరి పెళ్లిళ్లకీ భూమి అమ్మాం, మిగిలిన అప్పు నేను తొమ్మిదేళ్లు తీర్చాను. నాన్నకు డయాలసిస్ మొదలయ్యాక వారానికి మూడుసార్లు బండి మీద ఏలూరు తీసుకెళ్లింది నేను. అర్ధరాత్రి ఆయాసం వస్తే పరిగెత్తింది నేను. అక్కలు వచ్చేవారు, ఏడ్చేవారు, పళ్లు తెచ్చేవారు. వాళ్ల ప్రేమను తక్కువ చేయను. కానీ నేను చేసింది సేవ, వాళ్లు చేసింది పలకరింపు.

ఇప్పటికీ పండక్కి పిలుపు, పిల్లల పురుళ్లు, ఓణీల ఫంక్షన్‌కి మేనమామ పెట్టుబడులు, అన్నీ నా మీదే. ఆడపిల్లకు పుట్టింటి ఖర్చు పెళ్లితో ఆగదు, బతికున్నంత కాలం ఉంటుంది. దాన్ని వాటాలో ఎవరూ కలపరు. 2014లో రాజధాని మాట వచ్చాక మా వైపు ఎకరం ధర ఎక్కడికో పోయింది. అప్పటిదాకా గుర్తు రాని వాటా అప్పుడే అందరి ఆడపడుచులకూ గుర్తొచ్చింది. మా వీధిలోనే మూడు ఇళ్లలో అన్నాచెల్లెళ్లు కోర్టు మెట్లెక్కారు. ఆ మూడు ఇళ్లలోనూ రాఖీ లేదు, సారె లేదు.

నాలుగున్నర ఎకరాలు ముక్కలు చేస్తే ఎవరికి దారి, ఎవరికి కాలువ నీళ్లు? వరి కోసి మినుము చల్లేవాడికే ఆ బాధ తెలుస్తుంది.

డాలస్ తమ్ముడు:

రైతుగారూ, మీ సేవకు దండం. కానీ మీ లెక్కే తీసుకుంటే మా ఇంట్లో ఆస్తంతా అక్కకి రావాలి.

నేను కొడుకుని. పన్నెండేళ్లుగా అమెరికాలో ఉన్నాను. అమ్మానాన్నల్ని చూసుకున్నది విజయవాడలో ఉన్న అక్క. బీపీ మాత్రల దగ్గర్నుంచి అమ్మ కాటరాక్ట్ ఆపరేషన్ దాకా అన్నీ అక్కే. నాన్న 2019లో పోయారు. నేను వచ్చి తలకొరివి పెట్టేదాకా ఆయన్ని ఫ్రీజర్ బాక్స్‌లో మూడు రోజులు ఉంచారు. ఆ మూడు రోజులూ అక్క పక్కనే కూర్చుంది. నేను దిగి, స్నానం చేసి, కొరివి అందుకున్నాను. కొడుకునైనందుకు ఆ పని నాది. ఇల్లు కూడా నాన్న నా పేరే రాసి వెళ్లారు.

సేవ చేసినవాళ్లకు ఆస్తి అనే నియమం ఎక్కడా లేదండీ. కొడుకు అయితే చాలు. సేవ అనే మాట కూతురు అడిగినప్పుడే బయటికి వస్తుంది. ఇల్లు అక్క పేరుకు గిఫ్ట్ రాయాలని మూడేళ్లుగా అంటున్నాను. అక్క ఒప్పుకోవడం లేదు, "ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు" అంటుంది. ఆ నలుగురికీ మూడు రోజులు ఎవరు కూర్చున్నారో తెలుసు.

కోనసీమ పెద్దమ్మ:

నా వయసు అరవై రెండు. మా మనవరాలు టైప్ చేసి పెడుతోంది.

నా పెళ్లి 1984 మేలో అయింది. మా చెల్లి పెళ్లి 1988లో. మధ్యలో రామారావుగారి ప్రభుత్వం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతోనే హక్కు ఇస్తూ చట్టం తెచ్చింది. దేశంలో అలాంటి చట్టం మొదట తెచ్చింది మన రాష్ట్రమే, తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర తర్వాత వచ్చాయి. కానీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లి కాని ఆడపిల్లలకే అన్నారు. నేను పదహారు నెలల తేడాతో తప్పిపోయాను. 1994లో నాన్నగారు రిజిస్టర్ పంపకాలు చేశారు. ఇద్దరు తమ్ముళ్లకీ, చెల్లికీ వాటాలు వచ్చాయి. నాకు కొబ్బరితోటలో చెట్టు కూడా రాలేదు. ఒకే తల్లి కడుపున పుట్టాం, ఒకే పళ్లెంలో తిన్నాం. ముహూర్తం తేదీ ఒక్కటే తేడా.

నాన్నగారు తలుచుకుంటే తన భాగంలోంచి నాకు రాసి ఉండవచ్చు. "నీకు చట్టంలో లేదమ్మా" అన్నారు. చట్టంలో లేనివి మాకు ఎన్ని చేశారో! కట్నం చట్టంలో ఉందా? 1961లోనే నిషేధించారు కదా. ఇచ్చేటప్పుడు చట్టం గుర్తు రాలేదు.

రైతుబాబూ, ధర పెరిగాక వాటా గుర్తొచ్చిందన్నావు. ధర లేనప్పుడు మీలో ఎవరైనా పిలిచి "అక్కా, నీ భాగం ఇదిగో" అన్నారా నాయనా?

ఓరుగల్లు వకీలు:

వరంగల్‌లో సివిల్ కేసులు చూస్తాను. ముందు తెనాలి అమ్మాయిగారి విషయం చెబుతాను, మిగతావి తర్వాత.

కట్నం ఇచ్చారు కాబట్టి వాటా పోతుందని వారసత్వ చట్టంలో ఎక్కడా లేదు. పైగా 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. ఎవరు పుచ్చుకున్నా మూడు నెలల్లో దాన్ని పెళ్లికూతురికి అప్పజెప్పాలని ఆ చట్టంలోనే ఉంది. మీ ఎనిమిది లక్షలు మీ ఆడపడుచు పెళ్లికి పోయాయంటే ఒక ఆడపిల్ల డబ్బు ఇంకో ఆడపిల్ల పేరుతో మూడో ఇంటికి చేరిందన్నమాట. నా దగ్గరికి వచ్చే ఇళ్లలో సగం ఇదే కథ.

ఇప్పుడు భూమి. 2005 సెప్టెంబరు 9న హిందూ వారసత్వ చట్టం మారింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు వచ్చింది, పెళ్లి అయిందా లేదా అనే షరతు లేదు. తండ్రి ఆ రోజుకి బతికి ఉండాలా అని పదిహేనేళ్లు గొడవ నడిచింది. అవసరం లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పెద్దమ్మగారికి బాధ కలిగించే మాట కూడా అందులోనే ఉంది. 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరై పూర్తయిన పంపకాలను ఈ చట్టం తిరగదోడదు.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. తాత దగ్గర్నుంచి వచ్చినదంతా ఉమ్మడి ఆస్తి అనుకుంటారు. తాత సొంతంగా కొని, 1956 తర్వాత వీలునామా లేకుండా పోతే, మీ నాన్నకు వచ్చిన భాగం ఆయన సొంత ఆస్తి కిందే లెక్క. ముత్తాతల నుంచి వస్తూ, మీ నాన్న తన తండ్రితోనో అన్నదమ్ములతోనో పంచుకున్నదైతే ఉమ్మడి. తేడా ఎంత వస్తుందో మీ నాలుగున్నర ఎకరాల మీదే చూడండి.

సొంతమైతే భార్య, కొడుకు, కూతురు ముగ్గురికీ సమానం. తలా ఎకరంన్నర.

ఉమ్మడి అయితే ముందు నాన్న, అన్న, మీరు మూడు భాగాలు, తలా ఎకరంన్నర. మన ప్రాంతాల పద్ధతిలో ఆ పంపకంలో తల్లికి వేరుగా భాగం రాదు. నాన్న భాగం ఎకరంన్నరనే అమ్మ, అన్న, మీరు మళ్లీ ముగ్గురూ పంచుకోవాలి. అంటే మీ అన్నకు రెండెకరాలు, మీకు రెండెకరాలు, అమ్మకు యాభై సెంట్లు.

ఇల్లు నాన్న సొంత డబ్బుతో కట్టింది కాబట్టి మూడో వంతు చొప్పున.

ఆ కాగితంలో నాకు ఎక్కువ బాధ కలిగించింది మీ పేరు కాదు, మీ అమ్మగారి పేరు. ఆమె అందులో ఏముందో చదివారా?

కృష్ణా డెల్టా రైతు:

వకీలుగారూ, లెక్క బాగా చెప్పారు. నేను చేసిన తొమ్మిదేళ్ల అప్పు, డయాలసిస్, అవి ఏ సెక్షన్‌లో వస్తాయి? చట్టం హక్కు సమానం చేసింది సరే, బాధ్యత సమానం చేసిందా? అమ్మను నేనే చూడాలి, భూమి ముగ్గురం పంచుకోవాలి. ఇదేం న్యాయం?

ఓరుగల్లు వకీలు:

చేసిందండీ. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు ఇద్దరూ. దానికి ఇరవై ఏళ్ల ముందే, 1987లో, పెళ్లయిన కూతురు కూడా తల్లిదండ్రుల్ని పోషించాల్సిందేనని సుప్రీంకోర్టు చెప్పింది. మీరు మీ అక్కల్ని అడగవచ్చు. ఎప్పుడైనా అడిగారా?

కృష్ణా డెల్టా రైతు:

అడగలేదు. ఆడపిల్లల దగ్గర డబ్బులు తీసుకుంటే మా నాన్న బతికుండగానే చచ్చిపోయేవారు. అది మా ఇంటి పద్ధతి. ఆ పద్ధతి వల్ల నేనే మునిగాను, నిజమే.

పెద్దకోడలు:

రెండు రోజులుగా చదువుతున్నాను. కొడుకు చేశాడు, కూతురు చేసింది అంటున్నారు. ఇంట్లో చేసింది ఎవరో ఒక్కరూ అనలేదు.

మా అత్తగారు తుంటి ఎముక విరిగి రెండేళ్లు మంచంలో ఉన్నారు. బెడ్‌పాన్ తీసింది నేను. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పింది నేను. మా ఆయన మందులు తెచ్చారు, డబ్బు పెట్టారు, ఆదివారాలు పక్కన కూర్చున్నారు. ఊరంతా "కొడుకంటే వాడే" అన్నారు. రైతన్నగారూ, ఏలూరు బండి మీద తీసుకెళ్లింది మీరే. తిరిగొచ్చాక ఉప్పు లేని పథ్యం వండింది, కొలిచి నీళ్లిచ్చింది ఎవరు?

చట్టంలో కోడలు వారసురాలు కాదు. భర్త పోతే తప్ప అత్తమామల ఆస్తిలో ఆమె పేరు రాదు. వకీలుగారు చెప్పిన 2007 చట్టంలో పిల్లల జాబితాలోనూ కోడలు లేదు. అంటే కాగితం మీద నాకు హక్కూ లేదు, బాధ్యతా లేదు. ఇంట్లో చూస్తే చాకిరీ అంతా నాదే. నా పుట్టింట్లో మా అమ్మను మా వదిన చూస్తోంది, ఆమెదీ ఇదే పరిస్థితి. మేం ఒకరి అమ్మను ఒకరం చూసుకుంటున్నాం, ఆస్తులు మాత్రం మా అన్నదమ్ములు, భర్తల మధ్యే తిరుగుతున్నాయి.

తెనాలి చెల్లీ, నువ్వు వాటా అడుగు, తప్పు లేదు. కానీ "అన్నయ్య, వదిన ఉన్నారు" అని ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నాలుగేళ్లు పక్షవాతం మనిషికి అన్నం తినిపించింది ఎవరో నీకు తెలుసు. అది కూడా రాయి.

కరీంనగర్ మాస్టారు:

నేను తండ్రిని. రిటైరైన సంవత్సరమే, 2016లో, బతికుండగానే అన్నీ సర్దేద్దామని పంచేశాను. పెద్దవాడికి ఇల్లు, చిన్నవాడికి రోడ్డు పక్క ప్లాటు, బిడ్డకు రెండు లక్షల ఎఫ్‌డీ. ఒడిబియ్యం పోసి, చీర పెట్టి, న్యాయం చేశాననుకున్నాను. ఆ రోజు నా బిడ్డ నవ్వుతూనే ఉంది. ఎందుకు నవ్విందో ఇప్పుడు ఆలోచిస్తున్నాను.

ఇప్పుడు నేను, మా ఇంటావిడ నెలకొకరి దగ్గర వంతుల మీద ఉంటున్నాం. ముప్పై ఒకటో తారీకు వచ్చే నెలల్లో ఆ ఒక్క రోజు ఎవరిదని కూడా మాట వచ్చింది. మోకాలి ఆపరేషన్ అప్పుడు రెండు నెలలు తీసుకెళ్లి ఉంచుకున్నది బిడ్డ. అల్లుడు ఒక్క మాట అనలేదు. ముప్పై నాలుగేళ్లు ఆడపిల్లలకూ మగపిల్లలకూ ఒకే పాఠం చెప్పి, ఒకే ప్రశ్నపత్రం ఇచ్చినవాణ్ని. నా ఇంట్లో అది చేయలేదు.

కొడుకులు చెడ్డవాళ్లని కాదు. ఇద్దరికీ ఈఎంఐలు, పిల్లల ఫీజుల టెన్షన్. కొడుకంటే మోయాలి అని చిన్నప్పటి నుంచి వాళ్ల మీద బరువు పెట్టింది కూడా నేనే. చెల్లెతో పంచుకోండి అని ఉంటే వాళ్లకూ తేలికయ్యేదేమో.

తెనాలి బిడ్డా, మీ నాన్నకు ఆ మాట అనే టైం దొరకలేదు. ఆయన అంటే బాగుండేది.

ఓరుగల్లు వకీలు:

మాస్టారూ, చదివి బాధగా ఉంది. మిగతా పెద్దవాళ్లకు ఒక మాట. బతికుండగా పిల్లలకు గిఫ్ట్ రాస్తే, మమ్మల్ని చూసుకోవాలన్న షరతు దస్తావేజులోనే రాయించండి. చూడకపోతే ఆ దస్తావేజు రద్దుకు 2007 చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. షరతు రాయకపోతే ఆ దారి కష్టం.

ఇంకొకటి. నాన్న పోయాక తీసుకునే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో కూతుళ్ల పేర్లు రాయించకుండా వదిలేసే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. విరాసత్‌కి, మ్యుటేషన్‌కి, అంటే రికార్డుల్లో భూమి వారసుల పేరుకు మారడానికి, మొదటి కాగితం అదే. అందులో పేరు పోతే పాసుపుస్తకం వేరేవాళ్ల పేరుతో వచ్చేస్తుంది. ఉమ్మడి ఆస్తిలో మిమ్మల్ని పక్కన పెట్టారని తెలిసిన రోజు నుంచి దావా వేయడానికి పన్నెండేళ్లే గడువు. "అన్నయ్యే కదా" అనుకుంటూ ఆ పన్నెండేళ్లూ దాటిపోయి వచ్చినవాళ్లు నా దగ్గర ఉన్నారు.

బాపట్ల చదువరి:

మేం క్రైస్తవులం. మాకూ ఇదే వర్తిస్తుందా?

ఓరుగల్లు వకీలు:

లేదండీ, మీకు 1925 నాటి భారత వారసత్వ చట్టం. వీలునామా లేకుండా తండ్రి పోతే తల్లికి మూడో వంతు, మిగిలింది కొడుకులూ కూతుళ్లూ సమానంగా. అందులో పుట్టుకతో వచ్చే ఉమ్మడి హక్కు లేదు.

తెనాలి అమ్మాయి:

అందరికీ రుణపడి ఉంటాను. పెద్దకోడలు అక్కా, మీ మాట ముల్లులా గుచ్చుకుంది, గుచ్చుకోవాల్సిందే. నాన్నకు నాలుగేళ్లు అన్నం కలిపి పెట్టింది వదిన. నేను వెళ్లినప్పుడు నాన్న నా చేతి ముద్ద తినేవారు కాదు, వదిన కోసం చూసేవారు. అది రాయకపోవడం నా తప్పు.

వకీలుగారూ, భూమి సంగతి మా పెదనాన్న కొడుకుని అడిగాను. ముత్తాత నాటిదట. 1979లో నాన్న, పెదనాన్న పంచుకున్నారు, ఆ కాగితం కూడా ఉంది. అంటే మీ రెండో లెక్క. అన్నకు రెండు, నాకు రెండు, అమ్మకు యాభై సెంట్లు. నలభై నాలుగేళ్లు ఆ చేలో కలుపు తీసి, కూలీలకు అన్నాలు మోసిన మనిషికి యాభై సెంట్లు. నాకు వచ్చే రెండెకరాలు చూసి సంతోషపడాలో, అమ్మ భాగం చూసి సిగ్గుపడాలో తెలియలేదు. ఇన్నాళ్లూ అన్నయ్యకీ నాకూ మధ్య తేడా ఒక్కటే చూశాను.

శనివారం సంవత్సరీకం. వెళ్తున్నాను. వచ్చాక రాస్తాను.

కృష్ణా డెల్టా రైతు:

వెళ్లి రండి చెల్లెమ్మా. ఒక్కటి గుర్తుంచుకోండి. మీ అన్నయ్యతో నలుగురి ముందు మాట్లాడకండి. మగవాడు బంధువుల ముందు అడ్డం తిరిగితే మళ్లీ దిగి రావడం కష్టం. చేను దగ్గరికి వెళ్లినప్పుడు ఇద్దరూ మాట్లాడుకోండి.

ఇంకో మాట. పెద్దకోడలుగారి పోస్టు మా ఆవిడకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి వచ్చి, "మా నాన్న పొలం కాగితం మీద నాతో సంతకం పెట్టించినప్పుడు మీరూ పక్కనే ఉన్నారు" అంది. ఉన్నాను. వద్దని నేను అనలేదు. అప్పుడు అది పెద్దమనిషి తరహా అనుకున్నాను. మా అక్కలు వాటా అడిగినప్పుడు మాత్రం నాకు కోపం వచ్చింది. ఈ రెండూ ఒకే మనిషి ఎలా అనుకున్నాడో ఆలోచిస్తున్నాను. నా అప్పు, నా కష్టం అబద్ధం కాదు. వాటి లెక్క అక్కలతో కూర్చుని చూసుకోవాల్సిందేమో, మనసులో పెట్టుకుని తిరగడం కాకుండా.

తెనాలి అమ్మాయి:

వెళ్లి వచ్చి మూడు రోజులైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

సంవత్సరీకం అయ్యాక రాత్రి వంటింట్లో అమ్మను అడిగాను, ఆ కాగితంలో ఏముందో తెలుసా అని. "వాడు పెట్టమన్న చోట పెడతాను, నాకేం తెలుసు" అంది. నీకు ఏం కావాలమ్మా అంటే చాలాసేపు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ కూర్చుంది. తర్వాత అంది, "మీ నాన్న పేరున్న ఇంట్లో ఉన్నాను. రేపు వాడి పేరున్న ఇంట్లో ఉంటాను. నా పేరున్న ఇంట్లో ఒక్క రోజైనా ఉంటానా అని అనిపిస్తుంది." నాకు ముప్పై ఎనిమిదేళ్లు. అమ్మ నోట అలాంటి మాట అదే మొదటిసారి విన్నాను.

వదిన అక్కడే గిన్నెలు తోముతోంది. వెనక్కి తిరక్కుండానే, "నేనూ 2018లో మా వాళ్లకు సంతకం పెట్టొచ్చాను. చీర పెట్టారు" అంది.

మర్నాడు చేను దగ్గర అన్నయ్యతో మాట్లాడాను. విడుదల దస్తావేజు పెట్టనని చెప్పాను. గట్టు రాళ్లు వేసి ముక్కలు చేయొద్దు, పాసుపుస్తకాల్లో ముగ్గురి పేర్లూ రానీ, సాగు నువ్వే చెయ్యి అన్నాను. నా రెండెకరాల కౌలు నాకు వద్దు, ప్రతి సంవత్సరం ఆ డబ్బు వదిన ఖాతాలో జమ చెయ్యి, నీ ఖాతాలో కాదు అన్నాను. ఇంట్లో నా మూడో వంతు అమ్మకు రాస్తాను, నువ్వూ రాస్తే ఇల్లు అమ్మ పేరు మీద ఉంటుంది అన్నాను. అమ్మను కొన్ని నెలలు హైదరాబాద్ తీసుకెళ్తానని కూడా అన్నాను కానీ దానికి అమ్మే ఒప్పుకోలేదు, ఐదో అంతస్తులో ఊపిరాడదంది. అందుకని అమ్మ మందులు, ఆస్పత్రి ఖర్చు ఇక నుంచి సగం నాది.

అన్నయ్య అరిచాడు. "నాలుగేళ్లు నేను మోశాను, నువ్వు నన్ను దొంగను చేశావు" అన్నాడు. దొంగవని అనలేదన్నా, ముందు అడిగి తర్వాత రాయించి ఉంటే నేనే పెట్టేదాన్నేమో అన్నాను. మా ఇద్దరికీ ఏడుపొచ్చింది. సాయంత్రం దాకా ఇంటికి రాలేదు. రాత్రి అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఒప్పుకున్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

సోమవారం పొద్దున బస్టాండు దాకా బండి మీద దించాడు. దారిలో ఏమీ అనలేదు. బస్సు కదిలేముందు కిటికీ దగ్గరికి వచ్చి, "గురువారం సచివాలయంలో సర్టిఫికెట్‌కి దరఖాస్తు పెడతాను, నీ ఆధార్ జిరాక్స్ పంపు" అన్నాడు. పంపాను. పేర్ల వరసలో అమ్మది మొదట రాయమని మెసేజ్ పెట్టాను. రెండు నీలం టిక్కులు వచ్చాయి.